దాక్కున్న నక్షత్ర చేపను లెక్కపెట్టేదెట్ల?

నర్సంపేట దగ్గర ఒక బడిలో సముద్రజీవుల గురించి చెప్తుంటే తొమ్మిదో తరగతి పిల్ల లేచి అడిగింది: "సార్, అది పగలు దాక్కుంటదన్నరు కదా, మరి ఎట్ల లెక్కపెడతరు?" ఎంత మంచి ప్రశ్న!

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాలను తినే ముళ్లకిరీటం నక్షత్ర చేప సంగతి ఇది. పెద్దది ఒక్కటి ఏడాదికి 10 చదరపు మీటర్ల దాకా పగడాన్ని తినేస్తుంది. దాన్ని లెక్కపెట్టడానికి ఎక్కువగా వాడే పద్ధతి మాంటా టో. చిన్న పడవ వెనక తాడుకు కట్టిన పలకను పట్టుకుని ఒక మనిషి నీటి మీద తేలుతూ కిందికి చూస్తూ పోతాడు, రెండు నిమిషాలకోసారి పడవ ఆపి కనిపించినవి రాసుకుంటాడు. చాలా దూరం చుట్టి రావచ్చు కానీ పగడాల సందుల్లో నక్కినవి, చిన్నవి తప్పిపోతాయి.

మన పత్తి రైతుకు ఇది కొత్త కాదు. గులాబీ పురుగు కాయలో ఉంటుంది, అందుకే పురుగు పట్టి విచ్చుకోని గుడ్డిపూలు చూస్తాడు, వాసనతో మగ పురుగులను రప్పించే లింగాకర్షక బుట్టలో పడ్డ రెక్కల పురుగులను లెక్కపెడతాడు. బుట్టలో 8 పడితే చేను మొత్తంలో 8 ఉన్నాయని ఎవరూ అనుకోరు కదా. నక్షత్ర చేపకూ గుడ్డిపువ్వు లాంటి ఆనవాలుంది, తిన్నచోట పగడం తెల్లగా మిగులుతుంది. కాకపోతే డ్రుపెల్లా అనే నత్త తిన్నా అలాగే తెల్లబడుతుంది.

నాకు బాగా నచ్చిన లెక్క వేరే ఉంది. ఇద్దరు డైవర్లు ఒకే చోటును విడివిడిగా వెతికారనుకోండి. మొదటివాడికి 20, రెండోవాడికి 15, ఇద్దరికీ కనిపించినవి 10. రెండోవాడి 15లో 10 మొదటివాడికి చిక్కాయంటే అతని కన్ను మూడింట రెండు వంతులే పట్టింది, కాబట్టి అతని 20 అసలు 30 అవ్వాలి. ఇద్దరూ కలిసి చూసినవి 25, ఎవరికీ కనపడని 5 కాగితం మీద దొరికాయి! ఇలా తప్పిపోయిందీ లెక్కలోకే వస్తుందని మన బళ్లలో చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక్కడే మెలిక. పెద్దవి ఇద్దరికీ సులువుగా కనిపిస్తాయి, దాంతో ఇద్దరికీ చిక్కినవి 13 అయ్యాయనుకోండి, అంచనా 23కి పడిపోతుంది. లోతు సందులో ఉన్నవి ఇద్దరికీ చిక్కవు, అవి లెక్కలోకే రావు. ప్రతి ఏడూ ఒకే వంతు తప్పిపోతే ఇబ్బంది లేదు, ఏడాదికీ ఏడాదికీ పోల్చుకోవచ్చు. కానీ ఇవి దండుగా పెరిగినప్పుడు పగలు కూడా బయటికొచ్చి తింటాయి. అప్పుడు లెక్క రెట్టింపైతే, చేపలు పెరిగాయా, బయటపడటం పెరిగిందా?

మళ్లీ ఆ బడికి పోయినప్పుడు ఆ పిల్లకు 20, 15, 10 ఇచ్చి మిగతా లెక్క తననే చెయ్యమంటాను.