శుభలేఖ మడత దగ్గర రంగెందుకు పగులుతోంది?

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయంటే విజయనగరం ప్రెస్సుల్లో వినిపించే పేచీ ఒకటుంది. శుభలేఖ మడత పెట్టగానే ఆ మడత పొడుగునా రంగు పెచ్చులూడి తెల్ల గీత బయటపడుతుంది, మెరూన్ కార్డైతే మరీ కొట్టొచ్చినట్టు. పెళ్లివారు కాగితం నాసిరకం అంటారు. చాలాసార్లు తప్పు కాగితానిది కాదు, మడతకి ముందు జరగాల్సిన క్రీజింగ్ జరగలేదు.

క్రీజింగ్ అంటే కొయ్యడం కాదు, నొక్కడం. అంచు గుండ్రంగా ఉన్న స్టీలు రూలు (సన్నటి పట్టీ), దాదాపు 0.7 మి.మీ. మందం, కార్డుని కింద ఉన్న గాడిలోకి నొక్కుతుంది. గాడి వెడల్పుకి ప్రెస్సుల్లో వాడే లెక్క: రూలు మందానికి కార్డు మందం ఒకటిన్నర రెట్లు కలపాలి. 0.3 మి.మీ. కార్డుకి సుమారు 1.15 మి.మీ. వస్తుంది. ఆ ఒత్తిడికి లోపలి పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి వెనకవైపు సన్నటి గట్టులా ఉబ్బుతాయి. ఆ గట్టు మడత లోపలికి వచ్చేలా మడవాలి, అప్పుడే బయటి పొర మీద లాగుడు తగ్గుతుంది. చాలామంది గీత పడిన వైపుకే మడుస్తారు, అదే కొంప ముంచుతుంది.

ఈ పద్ధతి పాతదే. 1879లో న్యూయార్క్‌లో రాబర్ట్ గెయిర్ ఫ్యాక్టరీలో గింజల కాగితపు సంచులకి మడత గీత పెట్టాల్సిన రూలు కాస్త జరిగి సంచుల్ని కోసేసింది. అలాగైతే కోత, మడత గీత రెండూ ఒకే దెబ్బకి వేయొచ్చు కదా అని ఆయనకి తట్టింది, అట్టపెట్టెల పరిశ్రమ దశ తిరిగింది. మన ఊళ్లలో కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషన్ కూడా ఈ పనికి పనికొచ్చేది: అచ్చు అయ్యాక అక్షరాలు తీసి రూలు బిగిస్తే అదే క్రీజింగ్ మిషన్.

ఆఫ్‌సెట్ అచ్చు మిషన్లు వచ్చాక ట్రెడిల్ మూలకి చేరింది, తర్వాత తుక్కుకి పోయింది. ఆఫ్‌సెట్ ఇంకు కాగితంలోకి కొంత ఇంకుతుంది కాబట్టి క్రీజింగ్ లేని లోటు అంతగా తెలియలేదు. డిజిటల్ మిషన్ల టోనర్ (పొడి రంగు) అలా ఇంకదు, వేడికి కరిగి పైన పొరలా అతుక్కుంటుంది, మడిస్తే విరుగుతుంది. పైగా షీటులో ఎన్ని కార్డులు పడతాయా అని చూసుకుని కాగితంలో పీచు సాగిన దిక్కుకి అడ్డంగా మడత వచ్చేలా పేరుస్తున్నారు, దాంతో పగులు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడే క్రీజింగ్ ఉందా అని అడగండి, లామినేషన్ ఉంటే అది అయ్యాకే క్రీజింగ్ చేయమనండి. మొత్తం అచ్చు వేసే ముందు అదే కార్డు మీద ఒకటి తీయించి మీ చేత్తోనే మడిచి చూడండి. ట్రెడిల్ ఇంకా ఉంచుకున్న ప్రెస్సువాళ్లు మాత్రం దయచేసి దాన్ని తుక్కుకి వేయకండి.