కంకర పొడిగా ఉందని బావి వదులుకోకండి

పెన్నా, చిత్రావతి ఒడ్డు పొలాలకు భూగర్భజలాల పరిశీలనకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు రెండు గుంటల మట్టి చూపిస్తారు. ఒకటి చేతికి అంటుకునే బంకమట్టి. రెండోది వేళ్ల సందుల్లోంచి జారిపోయే ఇసుక, గులకరాళ్లు. "తడి ఉన్న చోటే కదా సార్ బావి తవ్వాలి?" అని అడుగుతారు.

అపోహ: తడి ఎక్కువగా ఉన్న పొరలోనే నీరు ఎక్కువ.

వాస్తవం: రైతును ఎక్కువగా ముంచుతున్న నమ్మకం ఇదే. బంకమట్టిలో 40 శాతానికి పైగా నీరు ఉండవచ్చు. బావిలోకి వదిలేది మాత్రం రెండు మూడు శాతమే. ఇసుక కలిసిన కంకరలో ఖాళీలు 25-30 శాతమే అయినా, 20 శాతం దాకా నీరు బావికి దిగుతుంది. నీటిమట్టానికి పైనున్న కంకర తనలోని నీటిని జార్చేస్తుంది కనుకే పొడిగా కనిపిస్తుంది. తేమ మీటరు గుచ్చినా ప్రయోజనం ఉండదు. రాళ్ల సందుల్లోని గాలి వల్ల అంకె ఇంకా తగ్గుతుంది. అది చూసి కంకరను కాదని, అప్పు చేసి గ్రానైటులోకి వందల అడుగుల బోర్లు దింపిన కుటుంబాలు నాకు తెలుసు. కొబ్బరికాయ నిలబెట్టి చోటు చూపినవారు ఆ అప్పులో పైసా కూడా మోయరు.

కొలవాల్సింది ఊట. నీటిమట్టం కిందికి గుంట తవ్వి, మోటారుతో తోడేసి, నీరు ఎంతసేపటికి ఎంత ఎత్తుకు వస్తుందో గడియారం చూసి రాయండి. బోరుకు సిద్ధపడిన ఒక పెద్దాయనతో రెండు గుంటలూ తోడించాను. గట్టున మజ్జిగ తాగేలోపే కంకర గుంట నిండింది. మర్నాటికీ బంకమట్టి గుంట అడుగున చెమ్మే. "పిల్ల పెళ్లికి దాచింది బోరులో పోసేవాణ్ణి" అని ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

అపోహ: ఇసుక కింద ఏరు పరుగెడుతోంది, ఎంత తోడినా తరగదు.

వాస్తవం: ఇసుకలో నీరు పారే తీరుపై 1856లో ఫ్రెంచ్ ఇంజనీరు హెన్రీ డార్సీ ప్రకటించిన సూత్రంతో లెక్క వేయండి. వాహకత (పొర నీటిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే కొలత) రోజుకు 50 మీటర్లు, నీటిమట్టం వాలు 500 మీటర్లకు ఒక మీటరు, ఖాళీలు 25 శాతం అనుకుంటే నీరు కదిలేది రోజుకు 40 సెంటీమీటర్లు. తోడిన గుంట చుట్టూ వాలు పెరుగుతుంది కనుక అక్కడ ఊట వేగంగా వస్తుంది. పొర అంతా అదే వేగంతో పారదు.

అపోహ: ఒక్క పీజోమీటరుతో (నీటిమట్టం కొలవడానికి నేలలోకి దింపే గొట్టం) నీరు ఎటు పోతోందో తెలుస్తుంది.

వాస్తవం: తెలియదు. ఒకే వరుసలో లేని మూడు గొట్టాలు కావాలి, వాటి మూతుల ఎత్తులు లెవెల్ సర్వేతో తేల్చాలి.

ఏరు ఎండితే అడుగూ ఎండినట్టేనా? చెలమ తవ్వే ఊళ్లలో అడగండి.

ఏ కొలతైనా ఏప్రిల్, మే నెలల్లో తీసుకోండి. వరద తగ్గిన కొత్తలో ఏ గుంటైనా నిండుతుంది. పక్కన ఇసుక తవ్వకం జరిగితే పాత అంకెలు పనికిరావు, మళ్లీ కొలవాలి.