జీవో 3 వివాదం: ఒకటో తరగతి గది వైపు నుంచి చూస్తే

డీఎస్సీ మాట వినిపించినప్పుడల్లా మన్యంలో జీవో 3 గొడవ మళ్ళీ రాజుకుంటుంది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చి, తర్వాత సుప్రీంకోర్టులో రద్దయిన ఉత్తర్వు అది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. మే మొదట్లోనే ఆదివాసీ సంఘాలు ఏజెన్సీ బంద్‌కు దిగాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలోని టీచర్ పోస్టులను ఆ ప్రకటన నుంచి తీసేయాలని, ఆదివాసులకు ప్రత్యేక డీఎస్సీ పెట్టాలని అడిగాయి. జీవో 3ను తిరిగి తెస్తామని 2024 ఎన్నికల ప్రచారంలో చంద్రబాబు నాయుడు ఇచ్చిన హామీని గుర్తు చేశాయి. అప్పటి నుంచి నడుస్తున్న చర్చంతా ఉద్యోగాల పంపకం గురించే: ఎవరికి ఎన్ని పోస్టులు, ఎవరికి అన్యాయం. ఆ పోస్టులో చేరిన మనిషి మర్నాడు పొద్దున ఏ పిల్లల ముందు నిలబడతాడు, ఆ పిల్లలతో ఏ భాషలో మాట్లాడతాడు అన్న మాట మాత్రం ఎక్కడా రావడం లేదు.

షెడ్యూల్డ్ ప్రాంతాలకు ఆధారమైన రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు పుట్టుక, గిడుగు రామమూర్తి సవర పిల్లలకు బడులు పెట్టిన సంగతి చాలామందికి తెలుసు కాబట్టి నేరుగా జీవో దగ్గరికి వస్తాను.

2000 జనవరి 10న, ఉమ్మడి రాష్ట్రంలో, గవర్నర్ పేరున వచ్చిన ఉత్తర్వు అది. షెడ్యూల్డ్ ప్రాంతపు బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీ అభ్యర్థులకే ఇవ్వాలి. అందులో మూడో వంతు మహిళలవి. అభ్యర్థులు గానీ వాళ్ళ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉంటూ వస్తేనే స్థానికులు. ప్రభుత్వం చెప్పుకున్న ప్రధాన కారణం టీచర్ల గైర్హాజరు. మైదానం నుంచి పోస్టింగ్ మీద వచ్చినవాళ్ళు కొండ ఎక్కడం తగ్గించేసేవారు. వానాకాలం వాగు పొంగితే బడి తలుపు తీసే నాథుడు ఉండేవాడు కాదు. ఆ చుట్టుపక్కల మనిషికే ఉద్యోగం ఇస్తే బడి నడుస్తుందన్నది లెక్క. లెక్క సరైనదే. కానీ ఉత్తర్వులో పుట్టుకకు, నివాసానికి చోటు దొరికింది, భాషకు దొరకలేదు. ఆ టీచరుకు కువి వచ్చా, సవర వచ్చా, కోయ వచ్చా అని ఎవరూ అడగలేదు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో జస్టిస్ అరుణ్ మిశ్రా నేతృత్వంలోని ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం ఈ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని, గవర్నర్ అధికారం అంత దూరం వెళ్ళదని తేల్చింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలకు షరతులతో రక్షణ కల్పించింది. ఏజెన్సీలో తరతరాలుగా ఉంటూ ఒక్క పోస్టుకూ దరఖాస్తు చేసుకోలేకపోయిన గిరిజనేతరుల వాదన అక్కడ నెగ్గింది. వాళ్ళ బాధలో నిజం లేదనలేం. గిరిజనులకు గిరిజనులే పాఠం చెప్పాలనడం ఏవగింపు కలిగించే ఆలోచన అని, స్థానికంగా ఉంటున్న ఇతరులు ఎందుకు చెప్పకూడదో అర్థం కావడం లేదని తీర్పులో రాశారు. ఆ మాట మన్యాన్ని ఎక్కువగా గాయపరిచింది.

దీనికి సరిగ్గా వారం ముందు, ఏప్రిల్ 15న, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియాన్ని తప్పనిసరి చేసిన 81, 85 జీవోలను రద్దు చేసింది. రాష్ట్రమంతా తెలుగా, ఇంగ్లిషా అని వాదించుకుంది. తల్లిభాషలో చదువు పిల్లల హక్కని పత్రికలు సంపాదకీయాలు రాశాయి. ఆ వాదనలో తల్లిభాష అంటే తెలుగే. జి.మాడుగుల కొండల మీది కువి ఇంటి పిల్లకు ఈ రెండూ పరాయివేనన్న ధ్యాస దాదాపు ఎవరికీ కలగలేదు. వారం తిరిగేసరికి జీవో 3 మీద వచ్చిన రెండో తీర్పును ఈ మొదటి తీర్పుతో కలిపి చదివినవాళ్ళూ తక్కువే.

నన్నడిగితే అసలు మలుపు 2020లో లేదు. 2004లో ఉంది.

ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది ఆదివాసీ భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. సవర, కువి, కొండ, కోయ, ఆదివాసీ ఒరియా, గోండి, కొలామి, బంజారా. భాషకు 30 చొప్పున 240 బడులు. దేశంలో మరే రాష్ట్రమూ అప్పటికి ఇంత పద్ధతిగా ఈ పనికి పూనుకోలేదు. ఒడిశా ఈ దారి పట్టింది ఆ తర్వాతే.

అంతకుముందు ఆ బడుల్లో ఏం జరిగేదో మన్యంలో పనిచేసిన ఏ టీచరును అడిగినా చెబుతారు. ఆరేళ్ళ పిల్ల ఒకటో తరగతికి వస్తుంది. ‘నీ పేరేంటి’ అంటే తెలుస్తుంది, సంతలో విని ఉంటుంది. ‘ఈ బొమ్మలో ఏముందో చెప్పు’ అంటే నోరు పెగలదు. నాలుగు రోజులు చూసి టీచరు అడగడం మానేస్తారు. పిల్ల మెల్లగా గోడవైపు జరుగుతుంది. బోర్డు మీది అక్షరాలను గుండ్రంగా, అందంగా దించుకుంటుంది కాబట్టి చూసినవాళ్ళు చదువు వస్తోందనుకుంటారు. పక్కన తెలుగు వచ్చిన పిల్లలు నవ్వితే ఉన్న నాలుగు మాటలూ ఆగిపోతాయి. ఏడాది చివర రిజిస్టరులో ఆ పిల్ల పక్కన ‘వెనుకబడినది’ అన్న ముద్ర పడుతుంది. ఇంట్లో తమ్ముణ్ణి ఆడిస్తూ, మేకల్ని లెక్కపెడుతూ గలగలా మాట్లాడే పిల్లే ఆ పిల్ల.

2004 పుస్తకాలు ఈ మౌనాన్ని పగలగొట్టడానికి వచ్చాయి. ఆదివాసీ టీచర్లను, ఊళ్ళో పెద్దలను కలుపుకుని వాళ్ళ పాటలు, కథలు, పొడుపుకథలు, పండుగలు, పోడు పనులు పాఠాలుగా రాశారు. లిపి తెలుగుదే ఉంచారు. అది తెలివైన నిర్ణయం. ఒకసారి పట్టుబడ్డ అక్షరం రెండు భాషలకూ పనికొస్తుంది, పిల్ల మళ్ళీ మొదటికి రానక్కర్లేదు. మొదట ఇంటిభాష, పై తరగతికి వెళ్ళేకొద్దీ తెలుగు పాలు పెంచుకుంటూ పోవడం పద్ధతి. ఇంటిభాషలో ప్రశ్న అడిగితే చేయి ఎత్తే పిల్లలు ఎంతమందో అప్పుడు తెలిసింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా, తమ మాట స్వేచ్ఛగా చెప్పుకునేలా చదువుండాలని, వీలైనంతవరకు అది తల్లిభాషలో సాగాలని 29వ సెక్షన్ అంటుంది. ఈ 240 బడులు ఆ పనిని ఐదేళ్ళ ముందే మొదలుపెట్టాయి.

అయితే పుస్తకం మారింది కానీ పోస్టు మారలేదు. కువి వాచకం అచ్చయింది, ఆ వాచకం చెప్పగలిగిన మనిషికి శాశ్వత ఉద్యోగం రాలేదు. నియామకాలు ఎప్పటిలాగే డీఎస్సీ ర్యాంకులు, జీవో 3 ప్రకారం జరిగిపోయాయి. బదిలీ వస్తే సవర వచ్చిన టీచరు సవర బడి వదిలి పోవాల్సిందే. భాష వచ్చిన యువకులను విద్యా వలంటీర్లుగా తీసుకున్నారు, కొద్దిపాటి గౌరవ వేతనంతో, ఏడాదికోసారి రెన్యువల్‌తో. గిరిజన సంఘాలు పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ముందు ధర్నా చేసే కారణాల్లో ఆ రెన్యువల్ నేటికీ ఒకటి.

మన నేల మీదే ఇంతకు మంచి ఉదాహరణ ఉంది. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో నిజాం ప్రభుత్వం శిక్షణ కేంద్రం తెరిచి, గోండు యువకులకే తర్ఫీదిచ్చి గోండు గూడేలకు టీచర్లుగా పంపింది. గోండిలో వాచకాలు చేయించింది. టీచరునూ భాషనూ అక్కడ విడదీయలేదు.

విడదీసినందువల్ల ఏమైందో 2020 తర్వాత తేటతెల్లమైంది. కోర్టులో రాష్ట్రాలు ఆ పోస్టుల రిజర్వేషన్ కోసం వాదించాయి. ఈ టీచరు పిల్ల భాష మాట్లాడతాడు అని చూపించడానికి నియామక నిబంధనల్లో ఒక్క వాక్యమూ లేదు. 2004లోనే భాషను అర్హతగా రాసి ఉంటే వాదన వేరే నేల మీద నిలబడేది.

ఈ లోటు ఆదివాసుల మధ్య కూడా కనిపిస్తుంది. పాడేరు వైపు బగత తెగవాళ్ళ ఇంటిభాష తెలుగు. బగత టీచరు కువి గూడెంలో చేరితే జీవో 3 దృష్టిలో పని పూర్తయినట్టే, పిల్ల దృష్టిలో కొంతే. తెలంగాణలో 1976లో లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరినప్పటి నుంచి గోండు, కొలాం సంఘాలు చెబుతున్న ఫిర్యాదుల్లో బడి ఉద్యోగాలు ముఖ్యమైనవి. అయినా నీళ్ళు అడగాలన్నా, బయటికి వెళ్ళాలన్నా, ఇంటి గొడవ చెప్పుకోవాలన్నా కొండ పిల్లకు తన ఏజెన్సీ మనిషి దగ్గర ఉండే చనువు వేరు. సంఘాలు ఆ చనువును కాపాడమని అడుగుతున్నాయి. దాన్ని ఉద్యోగాల మీద ఆశ అని తేల్చేయడం అన్యాయం.

జీవో 3ను తిరిగి తేవాలంటే ట్రైబల్ అడ్వైజరీ కౌన్సిల్ తీర్మానం, గవర్నర్ ఉత్తర్వు, కొత్త చట్టం అంటూ రకరకాల దారులు చెబుతున్నారు. నూటికి నూరు శాతం అన్న మాట ఉన్నంతకాలం ఇవన్నీ మళ్ళీ ఆ 2020 తీర్పు ముందుకే వెళ్ళాలి. భాషా అర్హత అలాంటిది కాదు. కువి పరీక్ష పాసైతే చాలంటే కొండల్లో పుట్టి పెరిగి ఆ భాష నేర్చిన గిరిజనేతరుడికి కూడా తలుపు తెరిచే ఉంటుంది. ఎక్కువ మంది మాత్రం ఆ గూడేల పిల్లలే అవుతారు, ఎందుకంటే ఆ భాష వచ్చింది వాళ్ళకే. ఒడిశా బహుభాషా బడుల కోసం ఆదివాసీ భాష వచ్చినవాళ్ళనే శిక్షా సహాయకులుగా తీసుకుంది. ఇక్కడ వెయ్యికి పైగా బడుల్లో పనిచేసిన వలంటీర్ల అనుభవం ఉంది, రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మిగిలిన ఆరు భాషల్లో వాచకాలు ఉన్నాయి. వచ్చే డీఎస్సీ ప్రకటనలో షెడ్యూల్డ్ ప్రాంతపు ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచర్) పోస్టుల ఎదురుగా ఏ బడికి ఏ భాష కావాలో రాయాలి, వలంటీరుగా చేసిన ఏళ్ళకు మార్కులు ఇవ్వాలి.