కలుపుకి ఉప్పు చల్లకండి: ఇంటి కలుపు మందుల మీద అపోహలు, వాస్తవాలు

కార్తీక మాసం వానలు పడి వారం తిరక్కముందే నాకు ఫోన్లు మొదలవుతాయి. పెరడంతా గరిక, తుంగ. కలుపు మందు కొట్టాలంటే భయమేసి వాట్సాప్‌లో వచ్చిన ఉప్పు చిట్కా చేశాం సార్, ఇప్పుడు నిమ్మచెట్టు ఆకులు మాడిపోతున్నాయి అంటారు. ఒంగోలు, కందుకూరు, కావలి చుట్టుపక్కల తోటలు చూసి సలహా చెప్పడం, మట్టీ నీళ్లూ పరీక్ష చేయించడం నా పని. ఏటా ఇదే వరస.

మందంటే భయపడేవాళ్లను నేను తప్పుపట్టను. పిల్లలు ఆ మట్టిలోనే ఆడతారు, ఆ పెరట్లోనే తోటకూర కోసుకుంటాం. పారాక్వాట్ అనే కలుపు మందు కడుపులోకి పోతే విరుగుడు లేదు. గ్లైఫోసేట్ అనే ఇంకో కలుపు మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు మాత్రమే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు. దాన్ని ఆసరా చేసుకుని ‘ఖర్చు లేదు, హాని లేదు’ అంటూ ఏదిబడితే అది చెప్పే వీడియోల మీదే నా కోపం.

అపోహ: ఉప్పు మనం తినేదే గదా, నేలకేమవుతుంది?

మిగతావి చదవకపోయినా ఇదొక్కటి చదవండి. చాలా కలుపు మందులు మట్టిలో సూక్ష్మజీవుల వల్ల కొన్నాళ్లకైనా విరిగిపోతాయి. ఉప్పు విరగదు. చల్లిన ఉప్పు మొత్తం నేలలోనే ఉంటుంది, నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. మీరు గట్టున చల్లారు, వాన దాన్ని నిమ్మ పాదులోకి దించింది. అంతే జరిగింది.

ఇంకో సంగతి ఏ వీడియోలోనూ చెప్పరు. ఉప్పును ఏ మొక్క ఎంత తట్టుకుంటుందో ఈసీ (విద్యుత్ వాహకత) లెక్కలో కొలుస్తారు, మట్టిలో ఉప్పు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. బీన్స్‌కి ఈసీ 1 దాటితేనే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. నిమ్మకి 1.5, టమోటాకి 2.5. గరిక మాత్రం దాదాపు 7 దాకా చెక్కుచెదరదు. ఇప్పుడు లెక్క చూడండి. ఒక చదరపు మీటరులో అడుగు లోతు మట్టి సుమారు 400 కిలోలు. దాని మీద కిలో కల్లుప్పు చల్లి నీళ్లు పోస్తే ఈసీ 10 దగ్గరకు పోతుంది. అక్కడ నిమ్మ బతకడం కష్టం. గరిక ఎదుగుదల మాత్రం ఐదో వంతు తగ్గుతుంది, అంతే. గంగపాయల కూడా ఉప్పుకి లొంగే మొక్క కాదు. అంటే ముందు చచ్చేది మీరు పెంచుకున్న మొక్కే, మిగిలేది మీరు చంపాలనుకున్న కలుపు.

కావలిలో ఒక రిటైర్డ్ టీచరు గారు ప్రహరీ వెంబడి బస్తా ఉప్పు చల్లించారు. పది రోజులకు గరిక ఎండిపోతే సంబరపడ్డారు. నేను వెళ్లేసరికి వానలు కూడా అయిపోయాయి. గోడ పక్కన గరిక మళ్లీ పాకుతోంది, నాలుగడుగుల అవతల నిమ్మచెట్టు ఆకుల కొసలు మాత్రం మాడాయి. ఆకు చేతిలోకి తీసుకుని చూస్తే చివర నుంచి అంచుల వెంట గోధుమ రంగు, మధ్య ఈనె చుట్టూ ఇంకా పచ్చదనం. ఇలా కనిపిస్తే ముందు ఉప్పునే అనుమానించాలి. ‘‘ఏమబ్బాయ్, సముద్రం పక్కన ఊళ్లే గదా మనవి, ఈ కాస్త ఉప్పుకే చెట్టు పోద్దా?’’ అన్నారాయన. సముద్రం పక్కన ఉన్నాం కాబట్టే ఇంకా జాగ్రత్త పడాలి మాస్టారూ అన్నాను. చాలా ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉన్నాయి. ఆ నీళ్లు పెట్టే నేల మీద మళ్లీ మనమే ఉప్పు చల్లడమా!

కొత్తపట్నం వైపు ఇసుక నేలల్లో నాలుగు మంచి వానలకు ఉప్పు కిందికి దిగిపోవచ్చు. ఒంగోలు చుట్టూ ఉన్న నల్లరేగడిలో అలా దిగదు. ఉప్పులోని సోడియం బంకమట్టికి పట్టుకుంటుంది, మట్టి అల్లిక చెడి నీళ్లు ఇంకవు. తడిస్తే జిగట, ఎండితే రాయి. ఇక గోడ పక్కన చల్లితే పునాదిలోని ఇనుముకు తుప్పు అదనం.

గోమూత్రంలో ఉప్పు, నిమ్మరసం కలిపి కొట్టమనే చిట్కాదీ ఇదే కథ. గోమూత్రం పేరు చెప్పగానే నమ్మేస్తారు, అందులో పడే ఉప్పును ఎవరూ చూడరు.

అపోహ: వెనిగర్ కొడితే కలుపు వేళ్లతో సహా పోతుంది

పోదు. కిరాణా షాపు వెనిగర్‌లో ఎసిటిక్ యాసిడ్ 4, 5 శాతమే. రెండు మూడాకుల లేత మొలకలు ఎండలో మాడతాయి, నిజమే. తుంగ దగ్గరకు వచ్చేసరికి పైన ఆకు మాడినా, కింద సన్నటి వేరుకు వరసగా పట్టిన నల్లటి గడ్డలు అలాగే ఉంటాయి. ఒక మొక్కను గునపంతో నిదానంగా తవ్వి చూస్తే మీకే తెలుస్తుంది. సరిపోలేదని గాఢ ఎసిటిక్ యాసిడ్ తెచ్చి కలుపుతున్నారు కొందరు. కంట్లో పడితే చూపు పోతుంది, దయచేసి వద్దు. వెనిగర్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో అసలే కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ఈ చిట్కాల్లో సబ్బు నీళ్లు కలిపేది ద్రావణం ఆకుకి అంటుకోవడానికే, కలుపును చంపడానికి కాదు. ఎప్సమ్ సాల్ట్ మెగ్నీషియం ఎరువు, దాంతో కలుపు చావదు. మరిగే నీళ్లు బండల సందుల్లో లేత కలుపుకి బాగానే పనిచేస్తాయి. కాళ్లు జాగ్రత్త, చెట్ల మొదళ్ల దగ్గర వద్దు.

మరి ఏం చేయాలి?

కలుపు కోసేసి, నేల తడిపి, అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా పరచండి. పైన మూడు నాలుగు అంగుళాల మందాన వరిగడ్డో వేరుశనగ తొక్కలో వేయండి. వెలుతురు అందకపోతే విత్తనం నుంచి మొలిచే కలుపు చాలావరకు పైకి రాదు. చెదలు పడతాయేమోనని టెన్షన్ పడేవాళ్లు చెట్టు మొదలు చుట్టూ జానెడు ఖాళీ వదలండి. కూరగాయల మళ్లకైతే ఏప్రిల్, మే నెలల్లో నేల తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. మన ఎండలకు మట్టి పైపొరలోని కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. నల్ల షీటుకు అంత వేడి రాదు. తుంగ గడ్డలు, గరిక వేళ్లు దీనికి పూర్తిగా లొంగవు. వాటిని ఎండాకాలంలో లోతుగా తవ్వి పైకి తీసి మాడనివ్వాలి. మిగిలినవి వానలకు మొలిస్తే ఐదాకులు వేయకముందే పీకుతూ పోవాలి. విసుగు పుట్టే పనే, కానీ పీకినప్పుడల్లా గడ్డలో దాచుకున్న బలం తగ్గుతుంది.

ఇప్పటికే ఉప్పు చల్లినవాళ్లు ముందు కంగారు పడకండి, చెట్టు నరకకండి. ఉప్పు గింజలు ఇంకా కనబడుతుంటే పై రెండంగుళాల మట్టి గీకి బయట పారేయండి. ఇసుక నేలైతే వాన నీటితోనో మంచి నీటితోనో పాదు నిండా పెట్టి ఇంకనివ్వండి, ఉప్పగా ఉండే బోరు నీళ్లు వద్దు. నల్లరేగడి అయితే ముందు పరీక్ష చేయించి, రిపోర్టును బట్టి జిప్సం (బంకమట్టికి పట్టుకున్న సోడియాన్ని విడిపించేది) వేసి, ఆ తర్వాతే నీళ్లతో కడగాలి. వానలకు ముందే జిప్సం వేసుకుంటే నీళ్ల ఖర్చు తప్పుతుంది. పరీక్షకు నాలుగైదు చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి కలిపి, నీడన ఆరబెట్టి అర కిలో తెండి. కొన్ని ల్యాబుల్లో మట్టిని రెండింతల నీళ్లలో కలిపి ఈసీ కొలుస్తారు, అప్పుడు అంకె తక్కువగా కనిపిస్తుంది. నేను పైన చెప్పిన అంకెలతో దాన్ని నేరుగా పోల్చుకోకండి, ఎలా కొలిచారో అడగండి. ఒక సీసాలో బోరు నీళ్లు కూడా పట్టుకురండి.