ఆరుబయట గ్యాస్ బండ: ఎండకన్నా నీటితోనే పేచీ ఎక్కువ

ఇంటి వెలుపల గోడవార నిలబెట్టిన గ్యాస్ సిలిండరును చూస్తే చాలామందికి మొదట కలిగే భయం ఎండ గురించే. మండుటెండలో కాగుతున్న ఇనుప బండ ఏ మధ్యాహ్నమో పేలిపోతుందేమోనన్న అనుమానంతో దానిమీద తడిగుడ్డలు కప్పేవారు, గోనెసంచులు చుట్టేవారు, ఏకంగా నాలుగు వైపులా మూసిన పెట్టెలో పెట్టి తాళం వేసేవారు ఉన్నారు. ఈ భయం పూర్తిగా నిరాధారమేమీ కాదు. అయితే సక్రమంగా నింపిన సిలిండరు ఆయుష్షును ఎండకన్నా ఎక్కువగా తినేసేది తేమ. అందులోనూ పైనుంచి కురిసి జారిపోయే వానకన్నా అడుగున చేరి ఆరకుండా ఉండిపోయే తేమ. రక్షణ కోసమని చేసే కప్పుదల ఈ తేమను మరింత నిలవ ఉంచుతుంది, కొన్నిసార్లు అంతకన్నా పెద్ద ప్రమాదాన్నే తెచ్చిపెడుతుంది.

ముందు ఎండ సంగతి చూద్దాం. సిలిండరులో ఉండేది ప్రొపేన్ గానీ, బ్యూటేన్ గానీ, లేదా ఆ రెండింటి మిశ్రమం గానీ. పీడనం కింద ఇవి ద్రవరూపంలో ఉంటాయి. ద్రవం పైన మిగిలిన జాగాలో దాని ఆవిరి నిండి ఉంటుంది. లోపల ఒకే రకం వాయువు ఉంటే, కొద్దిపాటి ద్రవమైనా మిగిలి ఉన్నంతవరకు పీడనం ఆ ద్రవం ఎంత వేడిగా ఉందన్నదానిమీదే ఆధారపడుతుంది. నిండు బండకూ, ముప్పాతిక వంతు ఖాళీ అయిన బండకూ ఒకే ఉష్ణోగ్రత వద్ద పీడనం ఒక్కటే. స్వచ్ఛమైన ప్రొపేన్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద వాతావరణ పీడనానికి 8 రెట్లకు కాస్త పైగా, 40 డిగ్రీల వద్ద 13 రెట్లకు పైగా పీడనాన్ని చూపుతుంది. బ్యూటేన్ అదే 40 డిగ్రీల వద్ద 4 రెట్లను కూడా చేరదు. ఏ సిలిండరునైనా అందులో నింపే వాయువు తీవ్రమైన వేడిలో చూపగల పీడనాన్ని మించిన ఒత్తిడితో పరీక్షించాకే వాడకంలోకి వదులుతారు.

ఎండలో అసలు అపాయం ఆవిరి పీడనం వల్ల కాక ద్రవం వ్యాకోచం వల్ల వస్తుంది. వేడెక్కినప్పుడు ప్రొపేన్ ద్రవం నీటికన్నా పది రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. అందుకే సిలిండరును అంచుదాకా నింపకుండా దాని లోపలి పరిమాణంలో 80 నుంచి 85 శాతం దగ్గర ఆపుతారు. హద్దు మీరి నింపిన బండను ఎండలో పెడితే ద్రవం ఉబ్బి, పైనున్న ఆవిరి జాగానంతా ఆక్రమించగలదు. ఆ తరువాత పెరిగే ప్రతి డిగ్రీకీ పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ద్రవాన్ని నొక్కి కుదించడం ఆవిరిని కుదించినంత తేలిక కాకపోవడమే దీనికి కారణం. కనుక నీడ అవసరమే, కానీ అది సామాన్యమైన జాగ్రత్త. ఐక్యరాజ్యసమితి రూపొందించిన రసాయనాల లేబుల్ విధానంలో పీడన వాయువుల నిల్వకు ఉన్న హెచ్చరిక ఎండ తగలనివ్వవద్దనీ, గాలి బాగా ఆడే చోట ఉంచమనీ ఒకే ఊపిరిలో చెబుతుంది. మొదటి సగాన్ని అందరూ పాటిస్తారు. రెండో సగాన్నే మరిచిపోతారు.

ఇక నీరు. ఉక్కు తుప్పు పట్టడానికి నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. గాలిలో సాపేక్ష తేమ సుమారు 60 శాతం దాటితే చాలు, కంటికి కనిపించనంత పలుచని నీటిపొర లోహంపై ఏర్పడి తుప్పుకు దారి తీస్తుంది. ఆ పొరలో ఉప్పు కలిస్తే విద్యుత్ ప్రసారం సులువై పని మరింత వేగంగా సాగుతుంది. సముద్రపు గాలి సోకే చోట లోహపు వస్తువులు త్వరగా పాడవడానికి ఇదే కారణం. అయితే సిలిండరు ఒంటి నిండా ఒకే తీరుగా తుప్పు పట్టదు. నిటారుగా ఉన్న పక్కభాగాల మీది వాననీరు జారిపోయి గంటల్లో ఆరిపోతుంది. అడుగున ఉన్న ఉక్కు రింగు నేలను ఆనుకునే చోట, ఆ రింగు సిలిండరు ఒంటికి అతుకుపడే సందులో మాత్రం నీరు, దుమ్ము, ఎండుటాకుల పొడి చేరి రోజుల తరబడి తడిగానే ఉంటాయి. అక్కడ జరిగే రసాయన చర్య కొంత విచిత్రమైనది. గాలి బాగా తగిలే తడికీ, సందులో ఇరుక్కుని గాలి అందని తడికీ మధ్య చిన్నపాటి విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. అందులో ఇనుము కరిగేది గాలి అందని చోటే. అంటే పైకి రంగు నిగనిగలాడుతున్న బండ కూడా మనం ఎన్నడూ వంగి చూడని అడుగుభాగంలో పలుచబడుతూ ఉండవచ్చు.

వాన చుక్క పడకుండా పైకప్పు వేసినా ఈ తడి పూర్తిగా తప్పదు, ఎందుకంటే సిలిండరు తన తడిని తానే తయారు చేసుకోగలదు. ద్రవం ఆవిరి కావాలంటే కిలోకు సుమారు 350 కిలోజౌళ్ల వేడి కావాలి. గంటకు 300 గ్రాముల గ్యాస్ వాడితే ఆ గంటలో ద్రవమూ, దాన్ని పట్టి ఉంచిన ఉక్కూ కలిసి 100 కిలోజౌళ్లకు పైగా వేడిని కోల్పోతాయి; చుట్టూ ఉన్న గాలి ఆ లోటును వెంటనే పూడ్చలేకపోతే బండ చల్లబడి, దాని కింది భాగంపై మంచుబిందువులు పడతాయి. ఆ తేమ గీత లోపలి ద్రవం ఎంత ఎత్తున ఉందో కూడా చెబుతుంది కాబట్టి దాన్ని గమనించి గ్యాస్ మట్టాన్ని అంచనా వేసేవారున్నారు. ఆ చుక్కలన్నీ చివరకు దిగేది మళ్లీ అడుగు రింగులోకే.

ఈ కారణాలవల్ల నా దృష్టిలో సిలిండరుకు గొడుగుకన్నా ముందు పీట కావాలి. మట్టి నేలపైనా, గడ్డిలోనూ, నీరు నిలిచే గుంటలోనూ కాకుండా, చదునుగా గట్టిగా ఉన్న దిమ్మెపైనో, కింద గాలి ఆడేలా సందులున్న జింకు పూత స్టాండుపైనో దాన్ని నిలపాలి. తడిని పీల్చి పట్టి ఉంచే చెక్క, గోనె, పాత కార్పెట్టు ముక్క వంటివి అడుగున పరచడం మేలుకన్నా కీడే చేస్తుంది. రంగు ఊడి, తుప్పు పెచ్చులుగా లేస్తున్నా, గుంటలు పడినా దానిపై సొంతంగా రంగు పూసి కప్పిపుచ్చకూడదు. అలా చేస్తే పరీక్ష తేదీల వంటి ముద్రలు కనబడకుండా పోతాయి, తనిఖీలో పట్టుబడవలసిన లోపం దాగిపోతుంది. అటువంటి బండను సరఫరాదారుకు చూపించి మార్పించుకోవాలి.

బండ మందపాటి ఉక్కు కనుక కొంతకాలం ఓర్చుకుంటుంది. దాని నెత్తిన ఉండి, బండలోని పీడనాన్ని పొయ్యికి తగినంతగా తగ్గించే రెగ్యులేటరుకు అంత ఓర్పు లేదు. దాని లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. ఆ పొరకు ఒక పక్క గ్యాస్, మరో పక్క స్ప్రింగుతో పాటు బయటి గాలి ఉంటాయి. ఆ గాలి వచ్చిపోయేందుకు రెగ్యులేటరు ఒంటిపై సన్నని రంధ్రం ఉంటుంది. పొయ్యి ఆపినప్పుడు పొర కదలాలంటే లోపలి గాలి ఆ రంధ్రం గుండా బయటికి పోవాలి. మట్టి గూడు కట్టే కందిరీగ దాన్ని పూడ్చినా, గడ్డకట్టిన నీరు మూసివేసినా పొర స్వేచ్ఛగా కదలలేక, పొయ్యికి చేరే పీడనం గాడి తప్పుతుంది. అనేక గృహ పరికరాలకు అందే పీడనం సుమారు 30 మిల్లీబార్లు, అంటే కేవలం 30 సెంటీమీటర్ల ఎత్తున్న నీటి స్తంభం చూపే ఒత్తిడి. ఆ లెక్కన పొరపై 3 సెంటీమీటర్ల నీరు నిలిచినా పీడనం పదో వంతు మారిపోతుంది. ఆరుబయట అమర్చిన రెగ్యులేటరు రంధ్రం నేలవైపు తిరిగి ఉండాలనీ, దానిపై చిన్న రేకు చూరైనా ఉండాలనీ చెప్పేది ఇందుకే.

రబ్బరు గొట్టానికి శత్రువులు వేరు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలూ, గాలిలో అతిస్వల్పంగా ఉండే ఓజోనూ రబ్బరు అణువుల గొలుసులను తెంచుతాయి; వంపు తిరిగిన చోట, లాగుడు పడే చోట, ఆ లాగుడుకు అడ్డంగా సన్నని పగుళ్లు మొదలవుతాయి. గొట్టాన్ని వంచి చూసినప్పుడు అవి కనబడితే దాన్ని మార్చవలసిందే. లీకు పరీక్షకు సబ్బునీరు మంచిదే గానీ, అమ్మోనియా కలిసిన శుభ్రపరిచే ద్రావణాలను వాడకూడదు. ఒత్తిడిలో ఉన్న ఇత్తడి అమ్మోనియా తగిలితే పగులుతుంది. బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియాయే దానికి కారణమని 1921లో పరిశోధకులు వివరించారు. సిలిండరు వాల్వులూ తరచుగా ఇత్తడివే.

మూసిన పెట్టె ఎందుకు తగదో ఒక చిన్న లెక్క చెబుతుంది. ప్రొపేన్ ఆవిరి గాలికన్నా ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. లీకైన గ్యాస్ పైకి తేలిపోకుండా నేలబారుగా పాకి పల్లంలో చేరుతుంది. గాలిలో దాని పాలు 2 శాతం దగ్గరకు రాగానే అంటుకునే మిశ్రమం తయారవుతుంది. 500 లీటర్ల పెట్టెలో 2 శాతం అంటే 10 లీటర్ల ఆవిరి. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల ఆవిరిగా మారుతుంది కాబట్టి, అందుకు కావలసిన ద్రవం 40 మిల్లీలీటర్లే. అదే లీకు ఆరుబయట గాలిలో చెదిరిపోయేది. అందువల్ల పైకప్పూ, రెండు మూడు వైపుల అడ్డూ ఉన్నా, నేలమట్టంలోనూ పైనా గాలి ధారాళంగా ఆడే దారులు తప్పనిసరి. కిటికీలకు, మురుగు కాలువల మూతలకు, నేలమాళిగ గాలి రంధ్రాలకు, నిప్పురవ్వలు పుట్టించే విద్యుత్ పరికరాలకు దూరంగా ఉంచాలి. ఆ దూరం ఎంతన్నది ఆయా దేశాల నిబంధనలను బట్టి ఉంటుంది. ప్లాస్టిక్ పట్టాతో నిలువునా చుట్టడం మరీ అనర్థం: రాత్రి లోపల పట్టిన చెమ్మ పగలు ఆరదు, లీకైతే వాసన బయటికి రాదు.

చలి ప్రదేశాల్లో బాధ వేరే రకంగా ఉంటుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వద్ద మరుగుతుంది, సాధారణ బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల వద్ద. కాబట్టి గడ్డకట్టే చలిలో బ్యూటేన్ సిలిండరులో ద్రవం ఉన్నా మంట రాదు. మిశ్రమమైతే ప్రొపేన్ ముందుగా ఆవిరై పోతూ, అడుగున మిగిలేది ఎక్కువగా బ్యూటేనే అవుతుంది. అందుకే సగం బండ బాగా మండి, చివరి భాగం చలిలో మొరాయిస్తుంది. దీనికి విరుగుడు ప్రొపేన్ ఎక్కువగా ఉన్న సిలిండరును ఎంచుకోవడమే తప్ప, మరుగుతున్న నీళ్లు పోయడమో, మంట చూపడమో కాదు.

గాలివానకు బండను గొలుసుతోనో పట్టీతోనో గోడకు కట్టి నిటారుగా ఉంచాలి. పక్కకు పడితే ఆవిరి వెళ్లవలసిన దారిలోకి ద్రవం చొరబడుతుంది. వరద వచ్చే చోట ఈ కట్టు మరింత ముఖ్యం, ఎందుకంటే నిండు బండ కూడా నీటిపై తేలుతుంది. లోపల 33 లీటర్ల చోటున్న సిలిండరుకు ఉక్కు బరువు సుమారు 16 కిలోలు, గ్యాస్ సుమారు 14 కిలోలు, మొత్తం 30. అది మునిగితే తొలగించే నీరు 35 కిలోలు. కట్టు లేకపోతే అది తేలి, గొట్టాన్ని తెంపుకొని, వాల్వు తెరిచి ఉన్న స్థితిలోనే కొట్టుకుపోవచ్చు. వాల్వు మూయకుండా, తేలకుండా కట్టి ఉంచితే మరో చిక్కు: రెగ్యులేటరుపై ఒక మీటరు నీరు నిలిస్తే దాని పొరపై 100 మిల్లీబార్ల అదనపు ఒత్తిడి పడి, మునగని ఎత్తులో ఉన్న పొయ్యికి 30కి బదులు 130 మిల్లీబార్ల పీడనం చేరగలదు. కాబట్టి నీరు ఇంటి వైపు వస్తోందని తెలియగానే చేయవలసిన మొదటి పని వాల్వు మూయడం. నీరు తీసిన తరువాత మునిగిన రెగ్యులేటరును ఎండబెట్టి తిరిగి బిగించకూడదు. ఆ సన్నని రంధ్రం గుండా లోపలికి చేరిన బురద పొర మీదా స్ప్రింగు చుట్టూ ఎండి గట్టిపడుతుంది, దాన్ని బయటినుంచి కడిగి తీయడం సాధ్యం కాదు.