చలి, వాన ఉన్నచోట వైన్ ద్రాక్ష

చల్లగా ఉండి వానలు ఎక్కువగా పడే చోట పెరట్లో వైన్ ద్రాక్ష వేద్దామనుకునే వాళ్లకి మొదట వచ్చే భయం, శీతాకాలంలో తీగ చచ్చిపోతుందేమోనని. అదేమీ పెద్ద సమస్య కాదు. ఆకు రాల్చి నిద్రపోతున్న తీగ మైనస్ 15 డిగ్రీల దాకా మామూలుగానే తట్టుకుంటుంది. అసలు ఇబ్బంది వేసవితోనే: కాయ పండటానికి కావలసినంత వేడి ఆ నాలుగైదు నెలల్లో పోగవ్వదు.

ఈ వేడిని లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ద్రాక్ష తీగ 10 డిగ్రీల కంటే తక్కువలో దాదాపు ఎదగదు కాబట్టి ఒక రోజు సగటు 16 డిగ్రీలైతే ఆ రోజుకి 6 వేసుకుంటారు. అలా ఏప్రిల్ నుంచి అక్టోబర్ చివరి దాకా (భూమధ్యరేఖకి దక్షిణాన అయితే అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా) కూడతారు. కాలిఫోర్నియాలో అమెరైన్, వింక్లర్ 1944లో ఈ లెక్కతోనే ద్రాక్ష ప్రాంతాల్ని ఐదు తరగతులు చేశారు. అందులో అన్నిటికంటే చల్లటి తరగతి సుమారు 1390 లోపు. దక్షిణ ఇంగ్లండ్‌లో చాలా చోట్ల ఈ మొత్తం 1000 అటూ ఇటూగా ఉంటుంది. అలాంటి చోట కాబర్నే సావిన్యోఁ లాంటి ఆలస్యపు రకం వేస్తే అక్టోబర్ వానల్లో పుల్లటి పచ్చికాయలే మిగులుతాయి, ఎంత సేవ చేసినా సరే.

అందుకే రకం ఎంపికలోనే సగం పని అయిపోతుంది. ఈ విషయంలో ఔత్సాహికుల రుణం చాలా ఉంది. ఇంగ్లండ్‌లో రే బారింగ్టన్ బ్రాక్ అనే ఆయన ద్రాక్ష రైతు కాదు, కానీ రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆక్స్‌టెడ్‌లో తన ఇంటి స్థలంలోనే వందల రకాలు నాటి, అక్కడి వాతావరణంలో ఏది పండుతుందో ఏది పండదో ఏళ్ల తరబడి రాసిపెట్టాడు. తర్వాత ఆ దేశంలో ద్రాక్ష వేసిన వాళ్లు ఆ ఫలితాల మీదే ఆధారపడ్డారు. 1882లో పుట్టిన ముల్లర్ తుర్గావ్, ఇంకా ముందే పండే మడలీన్ ఆంజివీన్, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో 1975లో తయారైన సొలారిస్ లాంటివి ఇలాంటి చోట్లకి సరిపోతాయి. నన్నడిగితే కొత్తవాళ్లు సొలారిస్‌తో మొదలుపెట్టడం మంచిది, అది తొందరగా పండటమే కాదు, తెగుళ్లని కూడా బాగానే ఆపుతుంది.

ఇక పూత. ద్రాక్ష పువ్వుని దగ్గరగా చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. దాని రేకులు విచ్చుకోవు, పైన ఒకదానికొకటి అతుక్కుని చిన్న ఆకుపచ్చ టోపీలా ఉంటాయి. పూసే వేళకి ఆ టోపీ అడుగున ఊడి రాలిపోతే లోపలి కేసరాలు బయటపడతాయి. మబ్బు, వాన, 15 డిగ్రీల లోపు చలి పట్టుకుంటే టోపీ ఊడకుండా అక్కడే అంటుకుపోతుంది, పుప్పొడి కూడా సరిగ్గా మొలవదు. అప్పుడు పిందె రాలిపోతుంది, లేదా ఒకే గుత్తిలో బఠాణీ అంత కాయల పక్కన గింజ లేని చిన్న చిన్న పూసలు మిగులుతాయి. దీనికంటే బాధాకరమైన సంగతి ఇంకోటుంది: వచ్చే ఏడాది కాయబోయే గుత్తులకి తీగ మొగ్గల్లో పునాది పడేదీ సరిగ్గా ఈ వారాల్లోనే. కాబట్టి పూతకాలం పాడైతే దెబ్బ రెండు పంటల మీద పడుతుంది.

వానకి వచ్చే తెగుళ్లలో ముఖ్యమైనది బూజు తెగులు. ఆకు మీద నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చ, తిరగేసి చూస్తే అడుగున తెల్లటి నూగు. కొత్త చిగుళ్లు 10 సెంటీమీటర్లకి ఎదిగి, 10 మిల్లీమీటర్ల వాన పడి, 10 డిగ్రీల వేడి ఉంటే ఆ ఏడాది తెగులు మొదలైనట్టే అని రైతులు గుర్తుపెట్టుకుంటారు. అమెరికా నుంచి వచ్చిన ఈ తెగులు 1878లో ఫ్రాన్స్‌లో బయటపడింది. దారిన పోయేవాళ్లు కాయలు కోయకుండా రోడ్డు పక్క వరుసల మీద రాగి మందు చల్లితే, ఆ వరుసల ఆకులు మాత్రం పచ్చగా ఉండటం మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించాడు. మైలతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అలా వచ్చింది. అది వాన కంటే ముందు ఆకు మీద ఉండాలి, తెగులు లోపలికి చేరాక చల్లి ప్రయోజనం లేదు. పైగా రాగి నేలలోనే పేరుకుపోతుంది, కనుక ఎడాపెడా కొట్టకూడదు.

మందు కంటే నేను ఎక్కువ నమ్మేది గాలిని. పిందె కట్టాక గుత్తుల చుట్టూ ఉన్న ఆకుల్ని పొద్దుటి ఎండ తగిలే వైపు తీసేస్తే మంచు, వాన తడి తొందరగా ఆరిపోతాయి. కాయ పండే రోజుల్లో గుత్తిని కుళ్లబెట్టే బూడిదరంగు బూజుకి తడి చాలాసేపు నిలిచి ఉండాలి. ఆ అవకాశం దానికి ఇవ్వకూడదు. ఆకులు పీకుతుంటే మనసొప్పదు, నిజమే, కానీ చక్కెర తయారుచేసే పని పైనున్న ఆకులు చూసుకుంటాయి.

ఇంత చేసినా కాయ పుల్లగానే ఉండొచ్చు. కాయలోని మాలిక్ ఆమ్లం వేడిలో ఖర్చవుతుంది, చలిలో అలాగే ఉండిపోతుంది. పులిసిన తర్వాత ఒక రకం బాక్టీరియా ఈ ఆమ్లాన్ని మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, చాలామంది ఆ పనిని దానికే వదిలేస్తారు. చక్కెర తగ్గితే లీటరు రసానికి దాదాపు 17 గ్రాములు కలిపితే ఆల్కహాల్ ఒక శాతం పెరుగుతుంది. కుళ్లు కనబడ్డాక ఇంకో వారం తీపి కోసం ఆగడం కంటే కోసేసి ఇలా సరిచేసుకోవడమే నయం. ఇంకా మంచి దారి, నురగ వైన్ చేయడం. దానికి కావలసింది ఎటూ తక్కువ చక్కెర, ఎక్కువ పులుపు ఉన్న కాయే.