డిస్లెక్సియా ఉన్న పిల్లలకి ఎక్స్‌ట్రా టైమ్ ఒక్కటే చాలదు

పరీక్షలో కాస్త ఎక్కువ టైమ్ ఇచ్చేసి, డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం బాగా కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లాడికి చెయ్యాల్సిందంతా చేసేశాం అనుకునే బళ్లు చాలానే ఉంటాయి. టైమ్ ఇవ్వాల్సిందే, కాదనను. కానీ చదవడమే సరిగ్గా రాని పిల్లాడికి ఆ ఎక్కువ టైమ్‌లో చదువు వచ్చెయ్యదు కదా!

మాటలైతే పిల్లలకి వింటూ వింటూ వచ్చేస్తాయి. చదవడం అలా కాదు, ఎవరో ఒకరు నేర్పాలి. రాత పుట్టి 5,000 ఏళ్లు దాటింది, అంతే, కాబట్టి మెదడులో దానికంటూ పుట్టుకతో వచ్చిన చోటేమీ లేదు. వస్తువుల్ని గుర్తుపట్టే ప్రాంతంలోనే ఎడమవైపు కొంత భాగం అక్షరాల పనికి అలవాటుపడి, మాటల్లోని ధ్వనుల సంగతి చూసే భాగాలతో లంకె పెట్టుకుంటుంది. డిస్లెక్సియాలో కష్టమయ్యేది ఈ లంకే. చాలామందిలో ఇబ్బంది కళ్లది కాదు, మాటను ధ్వనులుగా విడగొట్టడంలో ఉంటుంది. దీనికీ తెలివికీ సంబంధం లేదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే బ్రిటిష్ డాక్టర్ 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు: చురుకైనవాడు, పెద్ద పెద్ద అంకెలు కూడా గబగబా చదివేస్తాడు, మామూలు మాటల దగ్గరే ఆగిపోతాడు.

అందుకే బడి చెయ్యాల్సిన అసలు పని ధ్వనుల దగ్గర మొదలవుతుంది. టీచర్ 'బడి' అంటుంది. పిల్లాడు ఒక్కో ధ్వనికి ఒక్కో గుండీ ముందుకు జరుపుతాడు: బ్, అ, డ్, ఇ. నాలుగు. అది పట్టుబడ్డాక గుండీల చోట అక్షరాలొస్తాయి, తర్వాత గుణింతాలు, ఒత్తులు, ఏదీ దాటెయ్యకుండా వరసగా, నోటితో అంటూ, చేత్తో రాస్తూ. 'మంచం' చూసి 'మంచి' అని ఊహించేశాడనుకోండి, "సరిగ్గా చూడు" అని కసిరితే లాభం లేదు. చివరి అక్షరం మీద వేలు పెట్టించి అక్కడి ధ్వని పలికించాలి. నలుగురైదుగురు పిల్లలతో, రోజూ కొంతసేపు, నెలల తరబడి. విసుగు పుట్టించే పనే, కానీ ఫలితం కనిపించేది ఇందులోనే.

ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌లో ఒకే 'యు' అక్షరం 'పుట్'లో ఒకలా, 'బట్'లో ఇంకోలా పలుకుతుంది కాబట్టి తప్పులు బయటపడిపోతాయి. ఇటాలియన్, ఫిన్నిష్ లాంటి భాషల్లో రాసినట్టే పలుకుతారు, అక్కడ డిస్లెక్సియా ఉన్న పిల్లలు చాలావరకు తప్పుల్లేకుండానే చదువుతారు, కాకపోతే బాగా నెమ్మదిగా. తప్పులు మాత్రమే లెక్కపెట్టే టీచర్‌కి వీళ్లు దొరకరు. వేగం కూడా చూడాలి, అదీ ఒకటో రెండో తరగతిలోనే. "పెద్దయితే అదే వస్తుందిలే" అని ఆగితే, ఆలోపు తోటివాళ్లు బోలెడు పుస్తకాలు చదివేస్తారు, వీడికి పుస్తకం చూస్తేనే టెన్షన్ పట్టుకుంటుంది.

చదవడం కుదిరేదాకా మిగతా సబ్జెక్టులు ఆగవు. పాఠాన్ని ఆడియోలో వినిపించడం, చరిత్ర పేపర్లో స్పెల్లింగ్ తప్పులకు మార్కులు కొయ్యకపోవడం, చెప్పాపెట్టకుండా లేపి అందరి ముందు పైకి చదవమనకపోవడం, ఇవన్నీ ఎక్స్‌ట్రా టైమ్‌తో పాటు ఉండాలి. వీటికి పెద్ద ఖర్చు కూడా లేదు.

రంగు కళ్లద్దాలు, పేజీ మీద పరిచే రంగు ప్లాస్టిక్ షీట్లు, డిస్లెక్సియా కోసమంటూ తయారైన ఫాంట్లు బాగానే అమ్ముడుపోతున్నాయి గానీ, చదవడం మెరుగవుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బుతో ఒక టీచర్‌కి పైన చెప్పిన పద్ధతిలో ట్రైనింగ్ ఇప్పించడం మేలు.